ఏడు నెలలుగా బ్యాక్ ఆర్డర్: హాట్ రాడ్ పార్టులు ఇప్పుడు ఎలా వెతుకుతున్నారు?

కొత్తబోల్టు
అందరికీ నమస్కారం. 1931 ఫోర్డ్ మోడల్ ఎ కూపేని హాట్ రాడ్‌గా, అంటే పాత బండికి గట్టి ఇంజన్ వేసి, కడుతున్నాను. షాసీ పని అయిపోయింది, బాడీ కూడా ఎక్కింది. ఇంజన్ షెవీ (షెవర్లే) స్మాల్ బ్లాక్ 350, అంటే 350 క్యూబిక్ అంగుళాల వీ8, బోరింగ్ చేయించి తెచ్చి స్టాండ్ మీద పెట్టాను. వెనక టీహెచ్350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్. 2021 సెప్టెంబరులో కామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు), ఫ్లాట్ టాపెట్ లిఫ్టర్లు (కామ్ మీద ఆని వాల్వులను నెట్టేవి), స్టీరింగ్ బాక్స్, ఫ్యూయల్ ఇంజెక్షన్ కిట్ అన్నీ ఒకేచోట ఆర్డర్ పెట్టాను. ఇది 2022 ఏప్రిల్. కామ్ ఒక్కటే చేతికొచ్చింది. మిగతావన్నీ బ్యాక్ ఆర్డర్, అంటే స్టాక్ వచ్చాక పంపుతామని. ఆ తేదీ నాలుగుసార్లు జరిపారు. డబ్బు మాత్రం మొదటిరోజే పూర్తిగా తీసుకున్నారు.

ఈలోపు ఖాళీగా ఎందుకని 1995 పికప్ నుంచి తీసిన ఫ్లెక్స్‌ప్లేట్ (ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే పళ్ళ ప్లేటు) ఒకటి పాతది కొన్నాను. అది క్రాంక్ (ఇంజన్ ప్రధాన షాఫ్టు) వెనక కూర్చోవడం లేదు. ఆరు బోల్టుల్లో ఒక్కటీ ఎక్కట్లేదు. రోజూ సాయంత్రం గరాజ్‌లోకి వెళ్లి ఇంజన్ మీద కవర్ తీసి చూసి మళ్ళీ కప్పేసి వస్తున్నాను. ఇంకా ఆగాలా, వేరే దారి ఉందా? మీరెలా నెట్టుకొస్తున్నారో చెప్పండి.

గ్రీజుచేతులు
తమ్ముడూ, ముందు బ్లాక్ వెనక్కి వెళ్లు. గేర్‌బాక్స్ బిగించే అంచు మీద డ్రైవర్ వైపు ఒక పొడుగు నంబర్ పోత పోసి ఉంటుంది. రెండోవైపు ఒక అక్షరం, రెండుమూడు అంకెలతో తేదీ ఉంటుంది. వైర్ బ్రష్‌తో రుద్ది రెండూ ఇక్కడ రాయి. అది తెలియకుండా, పార్టులు దొరకని ఈ కరువులో ఏదీ కొనకు.

ఇక డబ్బు సంగతి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూల్ ఒకటి ఉంది, చాలామందికి తెలియదు. ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో అమ్మినవాళ్ళు చెప్పిన గడువులో సరుకు పంపాలి, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో. కుదరకపోతే కొత్త తేదీ చెప్పి, వద్దనుకుంటే పూర్తి డబ్బు వాపసు అని మనకి అవకాశం ఇవ్వాలి. రెండోసారి కూడా జరిపితే నువ్వు స్పష్టంగా సరే అనాలి. అనకపోతే వాళ్ళే రద్దు చేసి డబ్బు తిరిగివ్వాలి. నీకు నాలుగుసార్లు జరిపారు! నువ్వు ఎప్పుడైనా సరే అని రాసిచ్చావా? లేకపోతే ఫోన్ చేయకు, ఈమెయిల్ పెట్టు. కార్డు మీద కట్టి ఉంటే బ్యాంకుకి కూడా చెప్పు. ఆ డబ్బు అక్కడ ఇరుక్కుని ఉన్నంతకాలం ఎదురుగా పార్టు కనపడినా కొనలేవు.

ఫ్లాట్‌హెడ్_బాబాయ్
నేను ఫ్లాట్‌హెడ్, అంటే పాత ఫోర్డ్ వీ8ల మనిషిని, స్మాల్ బ్లాక్ గురించి మిగతావాళ్ళు చెప్తారు. కానీ ఒక మాట. ఈ హాట్ రాడ్ పని పుట్టిందే పార్టులు దొరకని రోజుల్లో అబ్బాయ్.

1942 జనవరిలో అమెరికాలో టైర్లకు రేషన్ పెట్టారు. ఫిబ్రవరిలో జనం కొనే కార్ల తయారీ ఆపేశారు. మళ్ళీ కొత్త కారు ఫ్యాక్టరీ గేటు దాటింది 1945లో. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళకి కేటలాగులు లేవు, గిడ్డంగులు లేవు. పాత ఫోర్డులు ఉన్నాయి, వాడేసిన సైన్యం సామాను ఉంది. 1946లో బిల్ బర్క్ యుద్ధ విమానం కింద వేలాడే అదనపు ఇంధన ట్యాంకును బాడీగా చేసి, దక్షిణ కాలిఫోర్నియా ఎండు సరస్సుల మీద పరుగెత్తించాడు. ఫోర్డ్ 1939లో హైడ్రాలిక్ బ్రేకులకు మారింది కదా, ఆ బ్రేకులు ఊడదీసి అంతకు ముందు కార్లకు తగిలించారు. తర్వాత ఫోర్డ్ వాళ్ళదే మెర్క్యురీ కారు వంతు. 1949 నుంచి 53 దాకా మెర్క్యురీ క్రాంక్ స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 4 అంగుళాలు, ఫోర్డ్‌ది మూడుముప్పావు. పక్కింటి క్రాంక్ తెచ్చి మనింటి ఇంజన్‌లో వేస్తే అంత క్యూబిక్ కెపాసిటీ ఊరికే పెరిగింది.

వాళ్ళెవరూ "నా బండికి ఈ పార్టు ఉందా" అని అడగలేదు. "ఈ పార్టు ఇంకా ఏ బండికి వేశారు" అని అడిగారు. నువ్వూ అలాగే వెతుకు.

తొమ్మిదంగుళాలు
బాబాయ్ చెప్పిన ప్రశ్నకి జవాబులిచ్చే పుస్తకమే ఉంది, హోలాండర్ ఇంటర్‌ఛేంజ్ మాన్యువల్. ఏ పార్టు ఏయే సంవత్సరాల్లో ఏయే బండ్లకు సరిపోతుందో అందులో ఉంటుంది. పాత బండ్లు విప్పి పార్టులమ్మే జంక్‌యార్డులు ఆ నంబర్ల మీదే నడుస్తాయి. పాత ఎడిషన్లు స్వాప్ మీట్లలో (పాత పార్టుల సంతల్లో) దొరుకుతాయి, కనపడితే వదలకండి.

కొత్తబోల్టు
బ్లాక్ రుద్దాను. 3970010. రెండోవైపు సి 12 4 అని ఉంది. ఈమెయిల్ కూడా పెట్టాను అన్నా, థాంక్స్. నేను ఎక్కడా సరే అని రాయలేదు.

గ్రీజుచేతులు
మంచి బ్లాక్. నంబర్ చివర 010 ఉన్న ఈ పోత 1969 నుంచి 79 దాకా వచ్చింది. అక్షరం నెల: ఎ అంటే జనవరి, సి అంటే మార్చి. తర్వాత రోజు, చివర సంవత్సరం ఆఖరి అంకె. అంటే నీది 1974 మార్చి 12న పోసింది. 64 కాదు, 84 కాదు, ఆ రెండేళ్ళలో ఈ పోతే లేదు.

నీ ఫ్లెక్స్‌ప్లేట్ ఎందుకు ఎక్కలేదో ఇప్పుడు తేలింది. 1985 దాకా స్మాల్ బ్లాక్ వెనక మెయిన్ సీల్ (ఆయిల్ కారకుండా ఆపేది) రెండు ముక్కలు. 1986 నుంచి ఒకటే ముక్క. సీల్‌తోపాటు క్రాంక్ వెనక అంచు కూడా మారింది. పాతదానికి ఆరు బోల్టుల వృత్తం 3.58 అంగుళాలు, కొత్తదానికి 3 అంగుళాలు. రంధ్రాలు పెద్దవి చేద్దామని డ్రిల్ పట్టుకోకు. కొత్తరకం 350 ప్లేటుకి బ్యాలెన్స్ కోసం ఒక బరువు కూడా వెల్డ్ చేసి ఉంటుంది, నీ క్రాంక్‌కి అది అక్కర్లేదు.

నీకు కావాల్సింది 1985 లేదా అంతకు ముందుది. అయితే అక్కడా ఒక ఉచ్చు ఉంది. 400 స్మాల్ బ్లాక్ ప్లేటు నీ క్రాంక్‌కి చక్కగా ఎక్కుతుంది, బోల్టులన్నీ పడతాయి. కానీ అది బయట బ్యాలెన్స్ చేసిన ఇంజన్, దాని ప్లేటుకీ బరువు ఉంటుంది. అది వేస్తే బండి వణికిపోయి చివరికి బేరింగులు పోతాయి. కొనేముందు వెనకవైపు ఫోటో అడుగు, వెల్డ్ చేసిన ముక్క కనపడితే వద్దను.

పళ్ళు కూడా లెక్కపెట్టించు. 153 పళ్ళదీ ఉంది, 168 పళ్ళదీ ఉంది. 153కి స్టార్టర్ బోల్టులు రెండూ ఒకే గీత మీద ఉంటాయి. 168కి ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. నీ దగ్గర ఏ స్టార్టర్ ఉందో చూసుకుని దానికి తగ్గ ప్లేటు వెతుకు. ప్లేటుకి బిగించే టార్క్ కన్వర్టర్ (గేర్‌బాక్స్ ముందుండేది) బోల్టుల దూరం కూడా కొలువు.

రోడ్‌స్టర్_కల
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నా మోడల్ ఎ కి ఫోర్డ్ 9 అంగుళాల రియర్ యాక్సిల్ (లోపలి రింగ్ గేర్ వ్యాసం 9 అంగుళాలు) కోసం ఏడాదిగా తిరుగుతున్నాను. కొత్త హౌసింగ్ చేసేవాళ్ళు ఆరు నెలలంటున్నారు. పాతవి అని చూపించినవాటిలో సగం 8 అంగుళాలవే.

తొమ్మిదంగుళాలు
నా పేరే అది కాబట్టి నేనే చెప్పాలి. 9 అంగుళాలది 1957 నుంచి 86 దాకా వచ్చింది. గుర్తుపట్టడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ముందువైపు గుండు చుట్టూ ఉన్న నట్లకు సాకెట్ పెట్టి చూడండి. అన్నిటికీ నేరుగా పడితే అది 8. కింది రెండింటికి సాకెట్ పట్టక స్పానర్‌తోనే తిప్పాల్సి వస్తే అది 9. బురదలో పడుకుని చూసినా తేలిపోతుంది.

కానీ మోడల్ ఎ అంత తేలిక బండికి 9 అంగుళాలదే కావాలా? అదే పేరు పట్టుకుని ఏడాది పోగొట్టుకున్నారు మీరు. 1995 నుంచి 2001 దాకా వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కింద 8.8 అంగుళాల యాక్సిల్ ఉంటుంది. డిస్క్ బ్రేకులతో వస్తుంది, షాఫ్టులకు 31 స్ప్లైన్లు (కొసన ఉండే పళ్ళు). జంక్‌యార్డుల్లో ఇప్పటికీ ఉన్నాయి. వెడల్పు దాదాపు 59.5 అంగుళాలు, మోడల్ ఎ కి ఎక్కువే. అయితే పినియన్ (డ్రైవ్‌షాఫ్టు కలిసే గేరు) ఒక పక్కకి ఉండడం వల్ల ఒక షాఫ్టు పొడుగు, ఒకటి పొట్టి. ఆ పొడుగు వైపు ట్యూబు కోసి పొట్టిచేసి, ఇంకో ఎక్స్‌ప్లోరర్ నుంచి పొట్టి షాఫ్టు తెచ్చి వేస్తే వెడల్పు 56.5 దగ్గరికి దిగుతుంది, పినియన్ మధ్యకి వస్తుంది. కొత్త షాఫ్టులు చేయించే పనే లేదు. ట్యూబు వెల్డింగ్ మాత్రం జిగ్ (కదలకుండా పట్టి ఉంచే చట్రం) ఉన్నవాళ్ళతో, నిటారుగా చేయించండి.

వైరింగక్క
కొత్తబోల్టూ, నీ ఇంజెక్షన్ కిట్ సంగతి నేను చెప్తాను. కంప్యూటర్ బాక్సులో చిప్‌లు దొరక్కే ఆ కిట్లు ఆగిపోయాయి. పెద్ద కార్ల కంపెనీలే చిప్‌లు లేక అసెంబ్లీ లైన్లు ఆపుకున్నాయి. మనలాంటి చిన్న మార్కెట్‌కి సరుకు చేసేవాళ్ళ వంతు ఇంకా వెనక.

కార్బురేటర్‌తో మొదలుపెట్టు. ట్యాంకు కట్టేటప్పుడే రిటర్న్ లైన్ (మిగిలిన పెట్రోలు ట్యాంకుకి తిరిగొచ్చే గొట్టం) వేసి వదిలెయ్, ఇంజెక్షన్ ఎప్పుడొస్తే అప్పుడు మార్చుకోవచ్చు. కొత్త హోలీ కార్బురేటర్ కూడా దొరకకపోతే పాతది తీసుకుని రిపేర్ కిట్ వేసుకో. గాలి గొట్టం మీద లిస్ట్ నంబర్ కొట్టి ఉంటుంది, కిట్ దాన్నిబట్టే తెప్పించు. కొనేముందు త్రాటిల్ షాఫ్టుని వేళ్ళతో పైకీ కిందికీ కదిపి చూడు. టకటకమని కొట్టుకుంటే వదిలెయ్, అక్కడ గాలి పీలిస్తే ఐడిల్ ఎన్నటికీ కుదరదు. మీటరింగ్ బ్లాక్ మొహం మీద స్కేలు అంచు ఆనించి వెలుతురు దూరుతుందేమో చూడు.

ఇంకొకటి. కార్బురేటర్ అనగానే అందరూ జీఎం (జనరల్ మోటార్స్) హెచ్‌ఈఐ, అంటే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ డిస్ట్రిబ్యూటర్ కొనమంటారు. అది మంచిదే, 1975 నుంచి జీఎం బండ్లకు అదే వచ్చేది, జంక్‌యార్డుల్లో దొరుకుతుంది. కానీ దాని తల పెద్దది. స్మాల్ బ్లాక్‌కి డిస్ట్రిబ్యూటర్ వెనక ఉంటుంది. మోడల్ ఎ లో ఫైర్‌వాల్‌కి (ఇంజన్‌కీ కూర్చునే చోటుకీ మధ్య గోడకి) గుద్దుకుంటుంది. ఒక డబ్బా తెచ్చి టేపుతో అంటించి కొలిచి చూసుకో. ఫైర్‌వాల్ వెనక్కి జరపకపోతే 1974కి ముందరి చిన్న తల పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ వెతుక్కో.

జంక్‌యార్డ్‌లో కనెక్టర్లు కోసుకునేవాళ్ళందరికీ ఒక విన్నపం. కనెక్టర్ దగ్గరే కోయకండి, కనీసం అడుగు తీగ వదలండి. రెండంగుళాల తోకతో వచ్చిన కనెక్టర్‌తో నేను పడ్డ బాధ ఇంకెవరూ పడకూడదు.

పాతఇనుము
స్టీరింగ్ బాక్స్ కోసం అంత టెన్షన్ ఎందుకు? పాత షెవీ వేగా కారు బాక్స్ ఒకటి తీసుకో. ఆట (వదులు) ఎక్కువుంటే సెక్టర్ షాఫ్ట్ (బాక్స్ నుంచి బయటికొచ్చే షాఫ్టు) అరిగినచోట వెల్డ్ పోసి గ్రైండ్ చేస్తే సరిపోతుంది. నేను ట్రాక్టర్‌కి చేశాను, పనిచేస్తోంది.

ఫ్లాట్‌హెడ్_బాబాయ్
అది మాత్రం వద్దు. గట్టిగా చెప్తున్నాను. సెక్టర్ షాఫ్టు వేడిచేసి గట్టిపరిచిన ఉక్కు. దాని మీద వెల్డ్ పోస్తే ఆ గట్టిదనం పోతుంది, పక్కన పెళుసు వస్తుంది. పొలంలో ట్రాక్టర్ ఆగితే దిగి చూసుకోవచ్చు. హైవే మీద స్టీరింగ్ తెగితే ఎదురుగా వచ్చేవాళ్ళు ఏం చేస్తారు? స్టీరింగ్, బ్రేకులు, టైర్లు. ఈ మూడింట్లో దొరకలేదని సర్దుకోకూడదు. బండి ఇంకో ఏడాది గరాజ్‌లో ఉండనీ.

పాతఇనుము
నిజమే బాబాయ్. ట్రాక్టర్ సంగతి ఇక్కడికి తేవడం నాదే తప్పు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

గ్రీజుచేతులు
వేగా బాక్స్ 1971 నుంచి 77 దాకా బండ్లలో వచ్చింది. దొరికినవి చాలావరకు అరిగినవే. చేతిలో పట్టుకుని ఇలా చూడండి. ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సరిగ్గా మధ్యకి తెచ్చి ఆపండి. అక్కడ కొద్దిగా బిగువు తగలాలి. మధ్యలో బిగువు, అటూఇటూ కాస్త వదులు ఉంటే బాక్స్ బాగున్నట్టే, అలాగే చేశారు దాన్ని. మధ్యలో ఆట ఉందని పైన స్క్రూ బిగించారనుకోండి, మధ్యలో ఇంకా వదులే ఉండి, పక్కలకి తిప్పితే పట్టేస్తుంటే అది అరిగిపోయింది. అలా బిగించి నడిపితే మలుపు తిరిగాక చక్రం వెనక్కి రాదు.

సాగినా 525 బాక్స్ కూడా చూడు తమ్ముడూ. ఒరిజినల్ వేగా కన్నా తేలికగా దొరుకుతుంది, సైజు కొంచెం పెద్దది. షాసీకి వెల్డ్ చేసిన బ్రాకెట్ మార్చాల్సి రావచ్చు. బాక్స్ చేతికొచ్చేదాకా కొత్త బ్రాకెట్ వెల్డ్ చేయకు.

కొత్తబోల్టు
డబ్బు వాపసు వచ్చింది! ఈమెయిల్ పెట్టిన తొమ్మిదో రోజున. కామ్ ఉంచుకున్నాను, మిగతాది మొత్తం ఇచ్చేశారు. ఫ్లెక్స్‌ప్లేట్ కూడా దొరికింది, 168 పళ్ళది, బరువు లేదు. ఒకాయనకి నా 1995 ప్లేటు సరిపోయింది, ఆయనది నాకు సరిపోయింది. మార్చుకున్నాం. ఆరు బోల్టులూ వేళ్ళతోనే ఎక్కాయి, ఎంత సంతోషమేసిందో.

లిఫ్టర్లు మాత్రం ఎక్కడా లేవు. 350 అని కొట్టి ఎక్కడ వెతికినా "స్టాక్ లేదు". రోలర్ లిఫ్టర్లకి (కింద చిన్న చక్రం ఉన్నవాటికి) మారిపోనా?

తొమ్మిదంగుళాలు
350 అని ఎందుకు వెతుకుతున్నారు? 454 అని వెతకండి. స్మాల్ బ్లాక్‌కీ, 396, 454 లాంటి షెవీ బిగ్ బ్లాక్‌కీ హైడ్రాలిక్ ఫ్లాట్ టాపెట్ లిఫ్టర్ ఒకటే, వ్యాసం 0.842 అంగుళాలు. 396 పేరుతో, 454 పేరుతో అమ్ముతున్న సెట్లు చూడండి. పాత స్టాక్ కూడా బిగ్ బ్లాక్ అట్టపెట్టెల్లో పడి ఉంటుంది, ఎవరూ అటు చూడరు.

ఫ్యాక్టరీ రోలర్ లిఫ్టర్లు 1987 నుంచి వచ్చాయి. వాటిని పట్టి ఉంచే ఏర్పాటు బ్లాక్‌లోనే ఉంటుంది, మీ 010లో ఉండదు. జంక్‌యార్డ్ రోలర్లు తెచ్చి వేయలేరు. జంటగా కలిపి కట్టిన రెట్రోఫిట్ రోలర్లు కావాలి, కామ్ కూడా మార్చాలి.

గ్రీజుచేతులు
454 సంగతి నాకు తట్టనే లేదు, భలే చెప్పావు.

తమ్ముడూ, లిఫ్టర్లు వచ్చాక నేరుగా వేసేయకు. ఈ కరువులో వచ్చే సరుకు చూసి వేసుకోవాల్సిందే. ఫ్లాట్ అని పేరేగానీ లిఫ్టర్ అడుగు చదునుగా ఉండదు, మధ్యలో అంగుళంలో వెయ్యోవంతులు రెండు ఎత్తుగా ఉంటుంది. కామ్ లోబ్ (లిఫ్టర్‌ని నెట్టే ఉబ్బు) కూడా కొద్దిగా ఏటవాలు. ఈ రెండూ కలిస్తేనే లిఫ్టర్ తిరుగుతూ పనిచేస్తుంది. తిరగకపోతే అరగంటలో కామ్ నాశనం.

రెండు లిఫ్టర్లు తీసుకుని అడుగూ అడుగూ ఆనించి దీపానికి ఎదురుగా పట్టుకో. అంచుల్లో వెలుతురు సన్నని గీతలా కనపడాలి, వేలితో నొక్కితే ఒకదాని మీద ఒకటి కొంచెం ఊగాలి. వెలుతురు రాలేదంటే ఆ జంటలో ఒకటి చదునైపోయింది. ఏదో కనిపెట్టడానికి మూడోదానితో చూడు. పదహారూ ఇలాగే చూడాలి. తర్వాత ఒక్కోదాన్నీ దాని బోరులో వేసి సొంత బరువుకి దిగుతుందా, వేళ్ళతో తిరుగుతుందా చూసుకో.

వేరే ఇంజన్‌లో వాడిన లిఫ్టర్లు కొత్త కామ్ మీద వేయొద్దు. ఎంత మెరుస్తున్నా సరే.

వైరింగక్క
మార్కెట్‌ప్లేస్‌లో పాత స్టాక్ కొనేటప్పుడు జాగ్రత్త. ఒకే ఫోటోతో నాలుగు రాష్ట్రాల్లో ప్రకటనలు చూశాను. చీటీ మీద ఇవాళ్టి తేదీ, మనం చెప్పిన ఏదో ఒక మాట రాసి పార్టు పక్కన పెట్టి ఫోటో పంపమనండి. నిజంగా దగ్గర ఉన్నవాళ్ళకి అది రెండు నిమిషాల పని. సాకులు చెప్తే పార్టు లేనట్టే.

రోడ్‌స్టర్_కల
నేను ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్ తెచ్చేసుకున్నాను! పొట్టి షాఫ్టు రెండోది కూడా అదే యార్డులో దొరికింది. ఇంకో మూడు యాక్సిల్స్ ఉన్నాయక్కడ, తీసి పెట్టుకుంటే తర్వాత పనికొస్తాయా?

ఫ్లాట్‌హెడ్_బాబాయ్
నీ బండికి ఒకటి చాలు కదా. మిగతావి అక్కడే ఉండనీ నాయనా. నీలాగా ఏడాది నుంచి వెతికేవాడు రేపు ఆ యార్డుకి వస్తాడు.

రోడ్‌స్టర్_కల
సరే బాబాయ్, వదిలేశాను.

కొత్తబోల్టు
మూడు వారాలైంది రాసి. వివరంగా చెప్తాను.

454 పేరుతో వెతికిన రెండో రోజే దొరికాయి. మూతపడ్డ ఒక మెషిన్ షాప్ సామాను అమ్ముతున్నారు, అందులో తెరవని డబ్బా. చీటీతో ఫోటో అడిగాను, పది నిమిషాల్లో పంపారు. ఇంటికి తెచ్చి రాత్రి గరాజ్ లైట్లన్నీ ఆర్పి, ఒక్క బల్బు వెలిగించి పదహారూ చూశాను. పద్నాలుగింటికి వెలుతురు గీత కనపడింది. రెండు పూర్తిగా చదును. అన్న చెప్పకపోతే అవి కూడా వేసేసేవాణ్ణి. ఆ రెండింటి బదులు అదే రకం, వాడనివి, ఇక్కడి సభ్యులొకరు తమ దగ్గర మిగిలినవి పోస్టులో పంపారు. తపాలా ఖర్చు కూడా తీసుకోలేదు. వాటినీ వెలుతురులో చూసే వేశాను.

కార్బురేటర్ పాతదే, రిపేర్ కిట్ వేశాను. డిస్ట్రిబ్యూటర్‌కి డబ్బా అంటించి చూస్తే అక్క చెప్పినట్టే హెచ్‌ఈఐ పట్టలేదు, పాయింట్లది పెట్టాను.

నిన్న ఉదయం ఇంజన్‌ని స్టాండ్ మీదే స్టార్ట్ చేశాం. లోపలి వాల్వ్ స్ప్రింగులు తీసేసి, జింకు ఎక్కువుండే బ్రేక్ ఇన్ ఆయిల్ పోసి, పట్టుకోగానే 2000 ఆర్‌పీఎమ్‌కి లేపి, ఐడిల్‌కి దిగనీయకుండా 2000, 2500 మధ్య అరగంట నడిపాను. వాల్వ్ కవర్ ఒకటి తీసి పుష్‌రాడ్లు (లిఫ్టర్ల మీద నిలిచే కడ్డీలు) తిరుగుతున్నాయో లేదో చూశాం. ఆ వైపువన్నీ తిరుగుతున్నాయి. చల్లారాక ఆయిల్ ఫిల్టర్ కోసి, కాగితం మడతలు విప్పి తెల్లగుడ్డ మీద పరిచాను. మెరిసే పొడి ఏమీ లేదు.

స్టీరింగ్ బాక్స్ ఇంకా దొరకలేదు. రెండు వేగా బాక్సులు చూశాను, రెండూ మధ్యలో ఆట ఉన్నవే, వదిలేశాను. మంచి 525 ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. మార్చుకోవడానికి నా దగ్గర హెచ్‌ఈఐ డిస్ట్రిబ్యూటర్ ఒకటి, 153 పళ్ళ ప్లేటుకి సరిపడే స్టార్టర్ ఒకటి ఉన్నాయి.